తరగతంతా ఆయ్ అంది

కొత్తపేట, 1953, ఆషాఢం, మంగళవారం

ఇవాళ ఫోర్తు ఫారంలో ఘాతాంకాలు మొదలుపెట్టాను. 2³ × 2² = 2⁶ అని బోర్డు మీద రాశాను. ఘాతాంకాలు కూడాల్సింది పోయి గుణించేశాను. “అర్థమైందా?” అంటే తరగతంతా “ఆయ్” అంది.

గంట కొట్టాక, బోర్డు తుడవబోతుంటే కనబడింది నా తప్పు. ముందు బెంచీ సుగుణ ఇంకా పుస్తకాలు సర్దుకుంటోంది.

“ఈ లెక్క సరైందేనా అమ్మా?”

“కాదండీ. ఎనిమిది నాలుగులు ముప్ఫై రెండండీ. మీరు రాసింది అరవై నాలుగవుద్దండీ.”

“మరి ఆయ్ అన్నావేం?”

“మీరు చెప్పేరు కదండీ. మేష్టారు చెప్పింది కాదంటే బాగోదండీ.”

దాని గొంతులో భయమేమీ లేదు. భయమైతే ఎలాగో పోగొట్టేవాణ్ణి, ఈ మర్యాదని ఏం చెయ్యను? ఇన్నేళ్లూ ఆ ఆయ్ విని, పాఠం బాగా చెబుతున్నానని పొంగిపోయాను. నా మీది గౌరవంతో ఎంతమంది ఎన్ని తప్పులు పరీక్ష దాకా మోసుకెళ్లారో...

రేపు వెళ్లగానే లెక్క దిద్ది, తప్పు నాదేనని ఒప్పుకుంటాను. ఇకమీదట నేను తప్పు చెబితే లేచి కాదనమని గట్టిగా చెబుతాను.

దానికీ అందరూ “ఆయ్” అనే అంటారు.