కాగితం మీద మూడు నెలలు

జూలై 6, ఆదివారం

షేర్ల ఖాతా తెరుచుకుంది! పాన్ కార్డు ఫోటో నాలుగోసారి తీస్తే ఒప్పుకున్నారు. మా ఇంట్లో బ్యాంకు స్లిప్పు సొంతంగా రాసిన మొదటి మనిషిని నేనే. ఇప్పుడు ఇది కూడా.

నియమాలు:
మూడు నెలలు కాగితం మీదే. కొన్నట్టు రాసుకోవాలి, అమ్మినట్టు రాసుకోవాలి. అసలు డబ్బు ముట్టుకోకూడదు.
ధర రోజుకు ఒక్కసారే చూడాలి, భోజనం వేళ.
ఇంట్లో చెప్పకూడదు.

దాచిన ఆరు వేలు అమ్మ మిషన్ కోసం. చీరలకు ఫాల్, పీకో కుట్టే పాత మిషన్ పాండేసరా బజారులో ఒక దుకాణంలో ఉంది, తొమ్మిది వేలు చెప్పారు. ఇప్పుడు అమ్మ ఇంట్లో కూర్చుని చీరలకు చమ్కీ రాళ్ళు అతికిస్తుంది. ఆ గమ్ము ఘాటుకు సాయంత్రానికి కళ్ళు ఎర్రబడతాయి. మిషన్ వస్తే గమ్ము మానేయొచ్చు. తక్కువైన మూడు వేలు షేర్లలో సంపాదిస్తాను. కానీ ముందు నేర్చుకోవాలి. తొందర లేదు.

జూలై 7, సోమవారం

కాగితం మీద లాభం: 212 రూపాయలు. మొదటి రోజే! ధర ఒక్కసారే చూశాను. (సాయంత్రం చూసింది లెక్కలోకి రాదు. అప్పటికి మార్కెట్ మూసేశారు.)

జూలై 9

కాగితం మీద మొత్తం లాభం 655. సంతోషంగా లేదు. ఇది నిజమైతే మిషన్‌కు ఓ చక్రం వచ్చేది.

చీరల దుకాణంలో నా పక్కన బిల్లులు కొట్టే హేతల్‌కు చూపించాను. పడీ పడీ నవ్వింది. "పెహలా లై లే, పఛీ శీఖ్‌జే" అంది. ముందు కొను, తర్వాత నేర్చుకో అని, గుజరాతీలో. వాళ్ళింట్లో నానమ్మకు కూడా షేర్లున్నాయట.

జూలై 10

బాపు సాంచల (మరమగ్గాల) కార్ఖానా నుంచి తడుస్తూ వచ్చాడు. అన్నం తింటూ అమ్మతో అంటున్నాడు: "దారం డబ్బాలు పెట్ట జాగ లేదు నర్సవ్వా. గోదాం నిండింది, వరండా నిండింది. ఇయ్యాల సాంచల నడుమ గూడ పెట్టిన్రు. నడిచెటందుకు తొవ్వ లేదు."

డబ్బా మీద ఏ కంపెనీ పేరుందని అడిగాను. చెప్పాడు. వెతికాను. ఆ కంపెనీ షేరు మార్కెట్‌లో ఉంది!

అంత సరుకు వస్తోందంటే వ్యాపారం ఎంత జోరుగా ఉండాలి! ఇలాంటి సమాచారం వీడియోల్లో చెప్పేవాళ్ళకు ఎక్కడ దొరుకుతుంది?

జూలై 11

కొన్నాను. నలభై షేర్లు, ఒక్కొక్కటి 150. మొత్తం ఆరు వేలు.

నియమం తప్పినట్టు కాదు. మూడు నెలలు ఆగాలన్నది ఏమీ తెలియనివాళ్ళ కోసం.

జూలై 14

156! లాభం 240!! ఆపుకోలేక అమ్మకు చెప్పేశాను. అమ్మ పక్కింటి పోశమ్మకు చెప్పింది. సాయంత్రానికి రాళ్ళు అతికించే ఆడవాళ్ళంతా మా గుమ్మంలో ఉన్నారు.

"చిట్టి అసొంటిదా బిడ్డా?" అంది పోశమ్మత్త. "ఈ నెల ఎవలు ఎత్తుకుంటరు?"

ఇది చిట్టీ కాదని అరగంట చెప్పాను. అంతా విని, "అయితే నాకు ఆఖరి నెల ఇయ్యి, అప్పుడే ఎక్కువొస్తది" అని వెళ్ళిపోయింది.

జూలై 16

142. ధర ఎన్నిసార్లు చూశానో రాయను.

దుకాణంలో బిల్లు కొడుతూ 480 రూపాయల చీరకు 142 వేశాను. కొన్న మనిషి చాలా మర్యాదగా దండం పెట్టి వెళ్ళబోయాడు. హేతల్ పరుగెత్తి పట్టుకుంది.

జూలై 17

ధర పడిందని అమ్మకు భయపడుతూ చెప్పాను. అమ్మ మొహం వెలిగిపోయింది.

"పడ్డదా? గట్లయితే సేల్ కదనే! సేల్ నడిచినప్పుడు తెచ్చుకోవాలె గని, ఏడుస్తరా?"

బియ్యం డబ్బాలోంచి గమ్ము పని డబ్బులు వెయ్యి తీసి నా చేతిలో పెట్టింది. ఇరవై ఏళ్ళుగా చీరల సంతలో బతుకుతున్న మనిషి మాట. నాకూ సబబుగానే తోచింది. ఇంకో ఏడు కొన్నాను.

జూలై 21

కంపెనీ మూడు నెలల లెక్కలు వచ్చాయి. ఇంగ్లీషులో ఉన్నాయి, నిఘంటువు పెట్టుకుని చదివాను. అమ్మకాలు తగ్గాయట. సరుకు పేరుకుపోయిందట.

పేరుకుపోయింది మా బాపు సాంచల నడుమే!

ధర 124.

"గోదాం నిండిందంటివి కదా బాపూ" అన్నాను.

"నిండిందన్న. అమ్ముడువోతుందన్ననా?" అన్నాడు. మళ్ళీ తనే, "నేను గూడ బేరం జోరు మీదున్నదనే అనుకున్న బిడ్డా. సేటు బోనస్ ఇస్తడని ఆశవడ్డ" అన్నాడు.

అమ్మ సలహా: "వాపస్ ఇచ్చెయ్. మడత గూడ ఇప్పలేదాయె."

జూలై 22

అన్నీ అమ్మేశాను. నష్టం 1,166. చార్జీలు వేరే. దుకాణం స్టోర్ గదిలో చీరల కట్టల వెనక కాసేపు ఏడ్చాను. అమ్మ వెయ్యి కూడా అందులోనే ఉంది.

ఇంటికొచ్చి చెప్పాను. అమ్మ చమ్కీ రాయి అతికించడం ఆపలేదు. "ఎంత మిగిలింది?" అంది. అయిదు వేల ఎనిమిది వందలు అన్నాను. "గయ్యి నీ ఫోన్ల ఉంటె మల్ల సేల్‌కు వోతవు. తీస్కరా" అంది.

జూలై 25

ముగ్గురం పాండేసరా వెళ్ళాం. దుకాణం అతనితో బాపు గంటసేపు బేరమాడాడు. అయిదు వేలు ఇప్పుడు, మిగిలింది నెలకు ఎనిమిది వందలు. నెల నెలా నా జీతంలోంచి. మిషన్ ఆటోలో మా ఒళ్ళోనే ఇంటికొచ్చింది. పోశమ్మత్త చీరకే మొదటి ఫాల్. చిట్టీ డబ్బుతోనే కొన్నామని ఆవిడ నమ్మకం.

జూలై 27, ఆదివారం

ఖాతా ఖాళీ. మనసు తేలిగ్గా ఉంది. కొత్తగా మొదలు! రేపటి నుంచి మూడు నెలలు కాగితం మీదే. ఒట్టు.

రాస్తుంటే అమ్మ మిషన్ ఆపి వచ్చి కూర్చుంది.

"కాయిదం మీద ఎంత పెడుతున్నవ్?"

"ఆరు వేలు."

"పోతే మనయి పోతయా?"

"పోవు."

"మరి గంత పిసినారితనమేందే? లక్ష పెట్టు."

లక్ష అని రాశాను. సున్నాలు అమ్మే వేలు పెట్టి లెక్కచూసుకుంది.