జగ్గమ్మ జబ్బు పుట్టిన చోటు

నెల్లిమర్ల,
14-08-2017

క్యాన్సర్ ఆసుపత్రి సూపరింటెండెంట్ వారి సముఖమునకు, జూట్ మిల్లు టైమాఫీసు రిటైర్డు గుమస్తా గణపతిరావు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: చనిపోయిన నా భార్య జగ్గమ్మ జబ్బు ఏ అవయవంలో మొదలైనదో పరీక్ష చేయించుట గురించి.

1. నా భార్య జూన్ 9న మీ ఆసుపత్రిలో కాలం చేసినది. కాలేయంలోని గడ్డలు అక్కడ పుట్టినవి కావని, మరెక్కడో పుట్టి అక్కడికి చేరినవని, ఎన్ని స్కానులు తీసినా మూలం దొరకలేదని మీ డాక్టరమ్మగారు చెప్పినారు. గడ్డ నుంచి తీసిన ముక్కను జన్యువుల పరీక్షకు పంపితే తెలియవచ్చునన్నారు. పంపేలోగా మనిషి దాటిపోయినది.

2. సదరు ముక్క మైనపు బిళ్ళలో మీ ల్యాబులోనే భద్రంగా ఉన్నదని తెలిసి మూడు సోమవారాలు హాజరైతిని. కౌంటరులోని దుర్గాభవాని గారు, "సచ్చిపోయినోల్లకి టెస్టేటి తాతా? మందు ఎవులికిస్తారు? ఇంటికెల్లు" అన్నారు. ఆమె తప్పు లేదు. నేను మందు కోసం అడగలేదు.

3. జగ్గమ్మకు పదహారో ఏటి నుంచి అడ్డపొగ అలవాటు. చుట్ట వెలిగించి నిప్పు కొసను నోటి లోపల పెట్టుకునేది. మా వైపు ఆడవారిలో ఇది వింత కాదు. జబ్బని తెలిసిన నాడే, ఇది చుట్ట వల్లేనని నేనే తీర్పు చెప్పి, ఇంట్లోని చుట్టలన్నీ పొయ్యిలో పెట్టితిని. ఐదు నెలలు అడిగినది. "ఒక్కటియ్యి మావా. ఎలాగూ పోతన్నాను కదా, ఒక్క దమ్ము" అని ఆఖరి వారంలో కూడా అడిగినది. "నోర్ముయ్యే, దానివల్లే కదా ఈ గతి" అన్నాను. మళ్ళీ అడగలేదు. ఆ తర్వాత నాతో మాట్లాడనూ లేదు.

4. ఊపిరితిత్తి అని తేలితే నా తీర్పు సరైనదే అనుకుని బతకగలను. అందుచేత ఊపిరితిత్తే కావాలని కోరుకుంటున్నాను. పెళ్ళాం గురించి ఇలా కోరుకునే మొగుడుంటాడా అని నాకే సిగ్గుగా ఉన్నది. అండాశయమనో మరేదో అని తేలితే, పోయే మనిషిని ఐదు నెలలు ఊరికే ఏడిపించినవాణ్ణి అవుతాను.

5. చనిపోయినవారికి పరీక్ష లేదని రూలుంటే, రోగి అన్నచోట నా పేరు రాసుకోగలరు. ఖర్చు నేనే పెట్టుకుంటాను.

కావున ఆ బిళ్ళను పరీక్షకు పంప ఉత్తరువు చేయవలెనని, చెప్పుకొనుటకు వేరే చోటు లేనివాని మాటగా దీనిని చిత్తగించవలెనని వేడుకొనుచు,

తమ విధేయుడు,
గణపతిరావు

తా.క.: ఊపిరితిత్తి అని వస్తే పోస్టులో పంపండి. వేరే ఏదైనా వస్తే మాత్రం పంపవద్దు. కబురు పెడితే నేనే వస్తాను, దుర్గాభవాని గారి చేత చదివించండి. ఇంట్లో ఇంకెవరూ లేరు, ఆ కాగితం ఒక్కణ్ణే చదువుకోలేను.