కొలవని మట్టి

ఏమండీ,

ఇవాళ మీ సంవత్సరీకం. పంతులుగారు ఇందాకే వెళ్లారు. అబ్బాయి పిండం పెట్టి లేచాడే గాని విస్తరి ముందు కూర్చోలేదు. గోదావరి ఎర్రబడింది.

మీ తర్వాత ఏటిగట్టు కాంట్రాక్టులు మనకొద్దని మొత్తుకున్నాను. వాడు వినలేదు. "కొత్త చట్టం వచ్చిందమ్మా. బిల్లు గడువు దాటితే గవర్నమెంటు వడ్డీతో సహా ఇవ్వాలి. నాన్నగారి రోజులు కావు" అన్నాడు. ట్రాక్టరు తాకట్టు పెట్టి మరీ గట్టుకి మట్టి పోయించాడు.

ఆ గడువు ఇంజినీరుగారు పని కొలిచిన రోజు నుంచి మొదలవుతుందట. ఆయన కొలవడానికే రాడు. ఫోను చేస్తే, "వరద తగ్గనివ్వండి, వస్తాను కదండీ" అంటాడు. చట్టాన్ని ఏమనగలం లెండి, దాని గడియారం ఇంకా కదల్లేదు.

ఎంత లోతు తవ్వారో తెలియడానికి మట్టి తీసిన గోతి మధ్యలో మీరు తవ్వకుండా మట్టిదిమ్మెలు వదిలేవారు కదా, వీడూ అలాగే వదిలాడు. పొద్దుటి నుంచి ఏటి నీళ్లు గోతిలోకి వస్తున్నాయి. ఆ దిమ్మెలు కరిగిపోతే తవ్విన మట్టికి సాక్ష్యం ఉండదు. "నేనే దిగి కొలిచి వీడియో తీయిస్తానమ్మా" అంటున్నాడు.

మీరూ ఆవేళ నేనే దిగి కొలుస్తానని వెళ్లారు.

కొలిచే టేపు బియ్యం డబ్బాలో దాచాను. మిమ్మల్ని ఒడ్డుకి చేర్చినప్పుడు మీ గుప్పిట్లో ఉన్న టేపే అది. ఇల్లంతా వెతికి ఇప్పుడు వంటింట్లోకి వెళ్లాడు. ఒక్కో డబ్బా మూత తీస్తున్న చప్పుడు నాకు వినిపిస్తోంది.