రోజుకో పోట్లాట

1వ తేదీ, సోమవారం, ఉదయం 7
కొత్త నిర్ణయం! ఇవాళ్టి నుంచి మా ఆయనతో రోజుకొకసారి పోట్లాడాలి. నిన్న మూడో కీమో చేయించుకుని వస్తూ బస్సులో ఆయనే అన్నారు: "మూడు నెలలుగా నన్నొక్క మాటైనా అనలేదు నువ్వు. డాక్టరు నీకేదో చెప్పేశాడని భయమేస్తోందే." డాక్టరు ఏమీ చెప్పలేదు. ఇరవై రెండేళ్లుగా పోట్లాడుతున్నదాన్ని, నాకిదో లెక్కా!
కారణాలు: మంచం మీద తడి తువ్వాలు. వాళ్ళక్క. గురక.

ఉదయం 8
మంచం మీద తడి తువ్వాలు! నోరు తెరిచాను. "చలేస్తోందా, దుప్పటి ఇవ్వనా?" అని వచ్చింది. రేపు చూద్దాం.

2, మంగళవారం
వాళ్ళక్క ఫోను. ఒక చురక అంటిద్దామనుకున్నాను. ఆయన నవ్వుతున్నారు, ఎన్నాళ్ళకో. చురక మింగేశాను.

4, గురువారం
నిన్న వాంతులు. సెలవు. వాంతులప్పుడు పోట్లాడితే పాపం కదా!
ఇవాళ నా టైలరు కొట్లో ఒకే చొక్కాకు రెండూ ఎడమ చేతులే కుట్టాను. తెర వెనక్కి వెళ్ళి ఏడ్చాను. భయం, అంతే. మొహం కడుక్కుని, ఆయన చొక్కాలు ఆరూ పక్కల్లో రెండేసి అంగుళాలు బిగించాను. వదులుగా వేలాడితే అద్దంలో చూసుకుని బెంగపడతారని. ఆయనకేం తెలుస్తుందిలే.

6, శనివారం, సాయంత్రం 5
తెలిసిపోయింది!
"ఈ చొక్కా ఇంత సరిగ్గా పట్టిందేమిటి? నీ పనేనా?"
"వేలాడుతోందని..."
"వేలాడనీ! రేపు ఒళ్ళు చేస్తే ఏం తొడుక్కోను, తలగడ గలీబా?"
ఒళ్ళు మండిపోయింది. "బట్ట కత్తిరించానా నేను? మొత్తం లోపలే మడిచి ఉంచాను! ఇన్నేళ్లు టైలరుతో కాపురం చేసి కుట్టు తిరగేసి చూడటం రాదు! ఆ తడి తువ్వాలొకటి! మీ అక్కొకటి!"
ఆయన కుట్టు తిరగేశారు. లోపలి బట్టను వేలితో తడిమారు.
"అయితే నేను మళ్ళీ ఒళ్ళు చేస్తానని నువ్వూ అనుకుంటున్నావన్నమాట," అన్నారు మెల్లగా.
ఆ వెంటనే "మా అక్కనంటావా!" అని అరిచి, ఆయాసపడి, నవ్వి, అన్నం రెండోసారి పెట్టించుకున్నారు. నాకూ ఎంత హాయిగా ఉందో!

7, ఆదివారం, ఉదయం 7
ఆరు రోజులకు ఒక్క పోట్లాట. లేవగానే "ఇవాళ దేని మీద?" అన్నారు. పాపం, కళ్ళు లోతుకుపోయాయి. మళ్ళీ జాలి! ఇలా లాభం లేదు. రేపు సోమవారం. రేపటి నుంచి రోజుకొకటి, ఖాయం.
తడి తువ్వాలు కావాలనే మంచం మీద పడేసి, నా మొహం చూస్తున్నారు.
తీసి ఆరేశాను. రేపటి నుంచే కదా.