శుక్రవారం పోటీకి పర్మిషన్

తమ్ముడు పెద్దిరాజుకు అక్క రాస్తున్నది. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి, నువ్వు పనిచేసే షుఐబాకి వస్తున్న నాగేంద్రబాబు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

శుక్రవారం షెడ్డులో జరిగే బాక్సింగ్ పోటీకి గవర్నమెంటు పర్మిషన్ వచ్చిందని, కంగారు పడొద్దని అరబ్బీ కాగితం ఫోటో పెట్టావు గదా. అందులో నేను చదవగలిగింది ఒక్కటే, అడుగున నీ చేతిరాతతో తెలుగులో ఉన్న నా పేరు. అక్కని తలుచుకున్నాడని మురిసిపోయి, నేను పనిచేసే అరబ్బు ఇంటి యజమానురాలు మామాకి వకీలు చదివిన పెద్దకొడుకున్నాడు గదా, అతనికి చూపించాను.

చదివి, "ఇది పర్మిషన్ కాదు. అక్కడ డాక్టరు ఉండడు. దెబ్బ తగిలి మనిషి పోతే ఎవర్నీ అడగబోమని ఇంటివాళ్లు రాసిచ్చిన కాగితం" అన్నాడు. చేతిలో ఉన్న టీ పళ్లెం ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

"అయినవాళ్ల పేరు రాయమన్నారక్కా, రాసేను" అంటావు. నువ్వు చచ్చిపోయినా నాకు సమ్మతమేనని రాసిచ్చావురా.

అలాంటి పోటీలో పట్టుబడితే ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా తీసేసి ఊరికి పంపేస్తారట. శవంగా కాక ప్రాణంతో ఊరు చేరతావని, ఆ మాట విన్నాకే మామా కొడుకు రాసిన ఫిర్యాదు మీద సంతకం పెట్టాను. శుక్రవారం పోలీసులు వస్తారు. నువ్వు వెళ్లకు. వెళ్లి పట్టుబడితే, ఎవరు చెప్పారా అని వెతుక్కోకు. ఆ కాగితం మీద నా పేరు నువ్వు రాశావు. ఫిర్యాదు మీద నేనే రాసుకున్నాను.