తమ్ముడి పొట్టేలుకు బదులు

వైయస్సార్ కడప జిల్లా చాపాడు కాపురస్తురాలు, కీర్తిశేషులు కృష్ణయ్య గారి భార్య, డెబ్బై ఒక్క ఏళ్ల పెద్దసుబ్బమ్మ అనే నేను, బుద్ధి స్థిరంగా, నోరు అంతకంటే స్థిరంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, ప్రొద్దుటూరు దస్తావేజు లేఖరి గురురాజారావు గారికి చెప్పి రాయించుకున్న వీలునామా ఇది. ఇదే మొదటిదీ, చివరిదీ.

1. ఈ వీలునామా అమలు బాధ్యత నా కూతురు నాగవేణిది. ఇల్లు, బీరువా, పెద్దక్షరాల బైబిలు ఆమెకే. బైబిలు నిండా పసుపు మరకలుంటాయి. వంట చేస్తూ చదివినదాన్ని, తుడవవద్దు.

2. నా పెద్ద తపేలా మా సంఘం స్త్రీలకు. పదకొండేళ్లుగా ప్రతి బుధవారం ఇందులో పప్పు వండి, సంగటి ముద్దలతో ప్రొద్దుటూరు ఆసుపత్రిలో రోగుల వెంట ఉండేవాళ్లకు పట్టుకుపోయాను. ఉప్పు తక్కువని వారం వారం వంక పెట్టిన రమణమ్మే ఇకమీదట వండాలి. తపేలాను చర్చి అటక మీద దాచితే నాగవేణి వెనక్కి తెచ్చుకోవచ్చు.

3. బావికాడి చేను, ఎకరా ఇరవై సెంట్లు, పులివెందులలో ఉన్న నా తమ్ముడు రామాంజులుకు. కారణం చెప్పాలి. 2005లో, నేను బాప్తిస్మం తీసుకున్న ఏడు, కోత పండుగకు మందలోకెల్లా మేలైన పొట్టేలును తోలుకుపోయి చర్చిలో అర్పించాను. అది మా నాయన జాతరకు మొక్కుకుని, పోతూ పోతూ తమ్ముడికి అప్పగించిన పొట్టేలు. వాడు సంతకు పోయిన రోజు చూసి తోలాను. దేవుడికి మంచిది ఇవ్వాలని విన్నాను గానీ, అది నాదై ఉండాలన్నది నా బుర్రకెక్కలేదు. పాపం, పాస్టరు గారికీ తెలియదు. పందొమ్మిదేళ్లుగా తమ్ముడు నా గడప తొక్కలేదు. నేనూ పౌరుషానికి పోయి, విశ్వాసం కోసం హింస పడుతున్నానని సంఘంలో సాక్ష్యాలు చెప్పుకున్నాను. ప్రభువును వెంబడించడమంటే ముందు తమ్ముడి ఇంటికి నడవడమని తెలిసేసరికి మోకాళ్లు అరిగాయి. అయినా రెండుసార్లు పోయాను. గొర్రెల వెంట పోయినాడని చెప్పించాడు. చేను సంగతి చెబితే నాగవేణి, "ఇచ్చెయ్ మా, మామ మనసు కుదుటపడనీ" అంది. అంత మంచి బిడ్డను కన్నందుకు గర్వపడ్డాను.

4. పైన రాయని ఆస్తీ, రాసినా చట్టప్రకారం చెల్లని ఆస్తీ నాగవేణికే చెందుతుంది.

5. నా భూస్థాపనకు మైకు వద్దు. పాటలు ఎన్నైనా పాడుకోండి. ప్రసంగం మాత్రం పది నిమిషాలు, పాస్టరు గారు గడియారం చూసుకోవాలి.

చదివి వినిపించాక చేర్చినది: ఆధార్ నంబరు కావాలని కబురు పెడితే రామాంజులు వచ్చాడు. బయటే నిలబడి అంతా విన్నాడు. రెండో సాక్షి నూర్ అహ్మద్ ఎక్కిన బస్సు జమ్మలమడుగు దగ్గర ఆగిపోయిందని ఫోను వచ్చింది. ఆ సాక్షి సంతకం నేను పెడతానంటూ తమ్ముడు లోపలికి వచ్చాడు. సాక్షిగా సంతకం పెట్టినవాడికి రాసిన ఆస్తి చెల్లదని గురురాజారావు గారు రెండుసార్లు చెప్పారు. "తెలిసిందిలే సామీ. చేను నాగవేణి పాపకే ఉండనీ. పొట్టేలు పోయింది, అక్క ఉండాది గదా. యాడ పెట్టాల సంతకం?" అన్నాడు. నేను శానా ఏడ్చాను, సంతోషంతోనే. మూడో అంశం కొట్టేయమంటారా అని లేఖరి అడిగారు. వద్దన్నాను. చెల్లకపోయినా అది అక్కడే ఉండాలి. తమ్ముడా, నన్ను క్షమించు.

చాపాడు, 14 నవంబరు 2024
(సంతకం) పెద్దసుబ్బమ్మ

సాక్షులు:
1. ఖమ్రున్నీసా, పక్కింటి ఆమె
2. రామాంజులు, తమ్ముడు