ఆగి ఆగి కదిలిన చేతులు

మే 4, సాయంత్రం

అక్కను ఐసొలేషన్ వార్డుకు మార్చారు. ఇక లోపలికి ఎవరినీ పంపరట, నన్ను కూడా. తను పనిచేసే అట్టపెట్టెల ఫ్యాక్టరీలో కుడి అరచేతిలో పిన్ను దిగి ఐదు రోజులైంది. మొదట ఉత్త వాపే అన్నారు. ఇప్పుడు ఇన్ఫెక్షన్ అంటున్నారు.

అక్కకు పుట్టుకతో వినపడదు. రాయడం సంతకం వరకే వచ్చు. ఆమె సైగల్ని మాటలుగా, ఊళ్లోవాళ్ల మాటల్ని సైగలుగా మార్చే పని నాకు ఐదో ఏట నుంచీ ఉంది. అమ్మానాన్నా పోయాక ఇంట్లో మేమిద్దరమే. రోజుకు రెండుసార్లు ట్యాబ్ పట్టుకుంటాను, వీడియో కాల్‌లో మాట్లాడుకోండి అంది నర్సమ్మ. నా ఫోన్ పోయిన నెల లిఫ్ట్ గుంతలో పడి చచ్చింది. లిఫ్ట్ రిపేరు డ్యూటీకి కంపెనీ ఇచ్చిన బటన్ ఫోనే ఉంది. కాబట్టి పాత డెస్క్‌టాపే దిక్కు. ఏదో ఆఫీసువాళ్లు తీసి పారేసిన మెషిన్. విండోస్ మోయలేకపోతే లైనక్స్ వేశాను. లిఫ్ట్ మాన్యువల్స్ చదువుకోవడానికి ఇన్నాళ్లూ సరిపోయింది.

ఈ రోజు మొదటి కాల్. బొమ్మ కుంటింది. అక్క చెయ్యి పైకి లేస్తుంది, ఆగుతుంది, మళ్ళీ కదిలేసరికి ఒళ్లో ఉంటుంది. మధ్యలో ఏమందో దేవుడికే తెలియాలి. ఏదో నవ్వు మాటే చెప్పినట్టుంది, నర్సమ్మ నవ్వింది. నేనూ నవ్వాను, ఏమీ అర్థం కాకుండానే.

తర్వాత మళ్ళీ చూసుకోవచ్చని కాల్స్ అన్నీ రికార్డయ్యేలా పెట్టాను. రికార్డింగూ అలాగే ఆగి ఆగి ఆడింది.

మే 5, మధ్యాహ్నం

సెలవు పెట్టాను. నెట్ కంపెనీ లైన్‌మన్ వచ్చాడు. లైన్ శుభ్రంగా ఉందన్నాడు, స్పీడ్ కొలిచి చూపించాడు. మీ కంప్యూటర్లోనే ఏదో ఉంది సార్, ఒకసారి చూపించుకోండి అన్నాడు. తప్పించుకోవడానికి అంటున్నాడని కసిరి పంపాను.

కేబుల్ మార్చాను. కాల్ క్వాలిటీ తగ్గించాను. డెస్క్‌టాప్ ఎఫెక్ట్స్ అన్నీ తీసేశాను. మౌస్‌తో విండో లాగితే అది కూడా ముక్కలు ముక్కలుగా వస్తోంది. లైనక్స్ వాడేవాళ్ల ఫోరమ్‌లో అడిగితే ఒకాయన ఏ గ్రాఫిక్స్ డ్రైవర్ నడుస్తోందో చూడమన్నాడు. రేపు చూస్తాను. ముందు నెట్ సంగతి తేల్చాలి.

మొబైల్లో వినేవాళ్లకు బొమ్మ ఆగినా గొంతు వస్తుంది. మాకు బొమ్మే గొంతు.

మే 6

చూడలేదు. రెండు బిల్డింగుల్లో లిఫ్టులు ఆగిపోయాయి, సెలవు రద్దు చేసి పిలిచారు. పొద్దుటి కాల్ మాత్రం కలిసింది. అక్కకు జ్వరం. చెయ్యి ముంజేతి దాకా నల్లబడిందట.

మే 7, ఉదయం 11.40

 జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పదిన్నరకు, డ్యూటీకి బయల్దేరుతుంటే, డాక్టరమ్మ బటన్ ఫోన్‌కు చేసింది. ఇన్ఫెక్షన్ గంటగంటకూ పైకి పాకుతోందట. మోచేతి కింద తీసేస్తే బతికే అవకాశం బాగా ఉంది, సాయంత్రం దాకా ఆగితే చెప్పలేం అంది. బొమ్మ గీసి చూపించాం, ఆమె ఏదో అంటోంది, మాకు తెలియడం లేదు, మీరు అడిగి చెప్పండి అంది. అవునో కాదో ఒక్క మాట.

నాలుగు నిమిషాల వీడియో కాల్. అంతా సైగలతో చెప్పాను. కుడి చెయ్యి దిండంత కట్టులో ఉంది. అక్క ఎడమ చేత్తో మొదలుపెట్టింది. 'చెయ్యి' కనిపించింది. 'తీయడం' కనిపించింది. బొమ్మ ఆగింది. మళ్ళీ కదిలేసరికి అక్క తల కిందికి వంగి ఉంది.

మా సైగల్లో వద్దు అన్నది చివర్న వస్తుంది. వద్దు లేకపోతే వాక్యం అవుననే.

మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే. చెయ్యి, తీయడం, ఆగడం, వంగిన తల.

ఏమంటోందండీ అని డాక్టరమ్మ తొందర పెట్టింది.

సరేనంది అన్నాను.

మే 7, మధ్యాహ్నం 3

అయిపోయింది. బతుకుతుందట.

మే 8

మేడ మీద టీచరుగారు అక్క ఎలా ఉందని అడగడానికి దిగి వచ్చింది. చేతిలో ఫోన్ ఉంది. పలకంత తెర. మాట్లాడుతున్నంతసేపూ దాన్నే చూశాను. వీడియో కాల్స్‌కి నా ఫోన్ తీసుకోవలసింది కదా తమ్ముడూ, ఒక్క మాట అడిగితే ఇవ్వనా అంది.

పద్నాలుగు మెట్లు. నాకు ఆ ఆలోచనే రాలేదు.

మే 10

టీచరుగారి ఫోన్లో కాల్. బొమ్మ నీళ్లలా కదిలింది. కానీ అక్క ఒక్క సైగ కూడా చేయలేదు. నన్ను చూసి గోడవైపు తిరిగింది. నొప్పి మందులకి మగతగా ఉందండీ అంది నర్సమ్మ. మగత కళ్లు నాకు తెలుసు. అవి మగత కళ్లు కావు.

మే 12, ఆదివారం ఉదయం

తోచక కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఇప్పుడు దానితో అవసరం లేదు. అయినా ఫాల్ట్ ఏమిటో తేలాలి.

ఫోరమ్ ఆయన చెప్పిన కమాండ్ కొట్టాను. గ్రాఫిక్స్ కార్డు పేరు రావలసిన చోట ఎల్ఎల్‌వీఎం పైప్ అని వచ్చింది. అంటే కార్డు ఊరికే కూర్చుని ఉంది, తెర మీద గీసే పనంతా ప్రాసెసర్ నెత్తిన పడింది. అందుకే కుంటుతోంది. కారణం వెతికితే, మెషిన్ లేచేటప్పుడు చదివే బూట్ లైన్లో ఒక్క పదం దొరికింది. నోమోడ్‌సెట్. కార్డును నడిపే డ్రైవర్ను లేవనివ్వని పదం.

అది పెట్టింది నేనే. రెండేళ్ల కిందట లైనక్స్ వేసిన రోజు తెర నల్లగా వస్తుంటే ఎక్కడో చదివి, పని గడవడానికి పెట్టాను. తర్వాత తీసేయడం మర్చిపోయాను. లిఫ్ట్ కుదుపుతుంటే ముందు మోటారు దగ్గరికి వెళ్తాను, వీధిలో కరెంటు స్తంభం ఎక్కను. లైన్‌మన్ నా మొహం మీదే చెప్పాడు. విండో లాగినప్పుడు ఆ మెషినే చెప్పింది. విండో లాగడానికి నెట్ ఎందుకు?

పదం తీసేశాను. రీబూట్. ఆరు నిమిషాల పని.

అదే రోజు, ఉదయం 10

రికార్డింగులు గుర్తొచ్చాయి. రికార్డయింది అటునుంచి వచ్చిన కాలే; తెర మీదే ముక్కలయింది, ఫైల్లో అంతా ఉంది.

ఏడో తారీఖుది చూశాను. చెయ్యి. తీయడం. వద్దు. అరచెయ్యి రెండుసార్లు బయటికి విదిల్చింది, తల అడ్డంగా ఊపింది, అలసిపోయి వాల్చేసింది. నేను ఒప్పుకోలు అనుకున్నది ఆ వాల్చడాన్ని.

రెండోసారి ఇంకో సైగ కూడా ఉంది. 'వాళ్లకి చెప్పు.'

మే 13



నిజం రాయాలి, ఇక్కడ కూడా రాయకపోతే ఎక్కడ రాస్తాను. ఆ రోజు తల కదలడం నాకు బొత్తిగా కనిపించలేదా? ఒక్క ముక్క కనిపించిందేమో. కనిపించినా చూడలేదేమో. అక్క బతకాలని తప్ప నాకు ఇంకేమీ లేదు ఆ క్షణాన. బొమ్మ ఆగకపోయి ఉంటే, వద్దంటోంది అని నా నోటితో డాక్టరమ్మకు చెప్పేవాణ్ణా? రోజంతా అడుగుతున్నాను. 

ఆ చెయ్యి అక్కకు నాలుక.

మే 19

ఇంటికి తెచ్చాను. నీళ్లు, లైటు, తలుపు. వేలితో చూపిస్తుంది, అంతే. రికార్డింగులో చూసింది నేను ఇంకా చెప్పలేదు.

మే 22, సాయంత్రం

చెప్పాను. తెర ముందు కూర్చోబెట్టి ఏడో తారీఖుది చూపించాను. ఆ రోజు బొమ్మ ఆగి ఆగి వచ్చిందని, చివరి సైగ తప్పిపోయిందని, తప్పు నేను పెట్టిన పదానిదని చెప్పాను. డ్రైవర్ అంటే ఏమిటో సైగల్లో చెప్పడానికి నానా తంటాలూ పడ్డాను.

అక్క పూర్తిగా చూసింది. ఎడమ చేత్తో, కూడబలుక్కుంటున్నట్టు అడిగింది: ఆ రోజు నీకు కనిపించిందా?

తెర ఆగింది అన్నాను.

నా మొహం మీంచి చూపు తిప్పకుండా మళ్ళీ అడిగింది: నీకు కనిపించిందా?

తెలియదు అన్నాను.

 అక్క తెర మీద ఇంకో ఫైల్ చూపించింది. మొదటి రోజుది, కట్టు అరచేతికే ఉన్నప్పటిది. పెట్టాను. అందులో అక్క డాక్టరమ్మ గ్లౌజు తొడుక్కోవడాన్ని అభినయిస్తోంది. రెండు వేళ్లు ఒకే గొట్టంలో ఇరుక్కుపోయి, లాగి, పీకి, తన్నుకుని, చివరికి గ్లౌజే గెలుస్తుంది. కుడి చేతి వేళ్లు అయిదూ అయిదు మనుషుల్లా దెబ్బలాడుకున్నాయి. పద్దెనిమిది రోజుల తర్వాత అర్థమై పకపకా నవ్వేశాను.

అక్క నవ్వలేదు. మళ్ళీ పెట్టమంది. మూడోసారి కూడా పెట్టమంది. ఆ చేతినే చూస్తూ కూర్చుంది.

జూన్ 9

ఇన్నేళ్లూ అక్క నన్ను పిలవాలంటే కుడి చూపుడువేలితో తన చెవి తమ్మె తాకేది. అదే నా పేరు. ఈ పొద్దున వంటింటి గుమ్మంలో నిలబడి ఎడమ చేత్తో ఏదో కొత్త సైగ చేసింది. పిడికిలి ఛాతీ దాకా తెచ్చి, గాలిలోకి విడిచేసింది. నన్నేనా అన్నాను. నిన్నే అంది.

అర్థం అడగలేదు. ఆ పేరుకు పలికాను.